ఇజ్రాయెల్–పాలస్తీనా వివాదం: తరచుగా అడిగే ప్రశ్నలు

గాజా పేరు వార్తల్లోకి వచ్చిన ప్రతిసారీ నన్ను అడిగే సందేహాలు దాదాపు అవే. చర్చిలో విన్నది ఒకటి, మసీదు దగ్గర విన్నది ఒకటి, ఫోనులో తిరిగే వీడియో చెప్పేది ఇంకొకటి. మూడూ మూడు వేర్వేరు సంవత్సరాల నుంచి కథ మొదలుపెడతాయి. మొదలుపెట్టే సంవత్సరాన్ని బట్టి దోషి మారిపోతాడు. అందుకే ప్రతి జవాబులోనూ సంవత్సరాలు ఇచ్చాను. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమవుతుంది కాబట్టి కావలసిన చోటికి నేరుగా వెళ్ళి చదువుకోవచ్చు. 2025 చివరి వరకు జరిగిన సంగతులు ఇందులో ఉన్నాయి.

## వివాదానికి ముందు

ఇది వేల ఏళ్ల నాటి మతయుద్ధం కదా? ఎప్పటికీ తెగదు కదా?

కాదు. ఈ వివాదం వయసు సుమారు నూట నలభై ఏళ్ళు. 1492లో స్పెయిన్ తన యూదులను వెళ్ళగొడితే వాళ్ళలో చాలామందికి ఆశ్రయం ఇచ్చింది తుర్కుల ముస్లిం ఆటోమన్ సామ్రాజ్యమే. బాగ్దాద్, కైరో, డమాస్కస్ నగరాల్లో యూదులు శతాబ్దాల పాటు బతికారు. వాళ్ళకు అన్ని విషయాల్లో సమాన హక్కులు ఉండేవి కావు, అప్పుడప్పుడు దాడులూ జరిగాయి. కానీ యూరప్‌లో చూసినంత ఘోరం అక్కడ సాధారణంగా లేదు.

మతాన్ని బట్టి మనుషులను రెండు వరుసల్లో నిలబెట్టడం కూడా కుదరదు. పాలస్తీనా సాయుధ సంస్థల్లో పేరుమోసిన పాపులర్ ఫ్రంట్‌ను స్థాపించిన జార్జ్ హబష్ క్రైస్తవుడు. యూదులకు సొంత దేశం కోరిన జియోనిజాన్ని మొదట గట్టిగా ఎదిరించినవాళ్ళలో అతి సనాతన యూదు మతగురువులు ఉన్నారు. గొడవ మొదలైంది ఒకే నేల మీద రెండు జాతీయోద్యమాలు హక్కు కోరడంతో. మతం రంగు అందులో తరువాతి కాలంలో, ముఖ్యంగా 1967 తరువాత, చిక్కబడింది.

బైబిల్లోని ఇశ్రాయేలు, ఇప్పటి ఇజ్రాయెల్ ఒకటేనా?

తెలుగు క్రైస్తవుల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. ఆ నేలతో యూదులకున్న పురాతన సంబంధం కల్పితం కాదు. తవ్వకాలు, శాసనాలు, ప్రాచీన గ్రంథాలు అన్నీ దాన్ని చెబుతాయి. అయితే 1948లో ఏర్పడింది పార్లమెంటు, సైన్యం, ఓటర్ల జాబితా ఉన్న ఆధునిక రాజ్యం. దాన్ని నిర్మించిన మొదటి ప్రధాని డేవిడ్ బెన్ గురియన్ తరం నాయకుల్లో ఎక్కువమంది మతాచారాలు పాటించని సోషలిస్టులు. దాని పౌరుల్లో ఐదింట ఒక వంతు అరబ్బులు. దేవుని వాగ్దానం మీద ఎవరి నమ్మకం వారిది. ఒక ప్రభుత్వం చేసే పనులను మాత్రం ఏ ప్రభుత్వాన్నయినా తూచే తక్కెడలోనే తూచాలి.

మరొక్క మాట. బెత్లెహేములో, నజరేతులో ఈనాటికీ ఆరాధన చేస్తున్న స్థానిక క్రైస్తవుల మాతృభాష అరబిక్. వాళ్ళు పాలస్తీనా సమాజంలో భాగం. మన ప్రార్థనల్లో వాళ్ళ ప్రస్తావనే రాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

పాలస్తీనా అనే దేశం చరిత్రలో ఎప్పుడూ లేదట, నిజమేనా?

ఆ పేరుతో స్వతంత్ర రాజ్యం లేదన్నది నిజం. 1517 నుంచి 1917 వరకు ఆ ప్రాంతం ఆటోమన్ పాలనలో ఉంది. అలా చూస్తే మొదటి ప్రపంచయుద్ధానికి ముందు జోర్డాన్, ఇరాక్, లెబనాన్ అనే స్వతంత్ర రాజ్యాలు కూడా లేవు. రాజ్యం లేనంత మాత్రాన ప్రజలు లేరని కాదు. జాఫా రేవు నుంచి నారింజ పళ్ళు యూరప్‌కు వెళ్ళేవి. అదే ఊళ్ళో 1911లో ‘ఫలస్తీన్’ పేరుతో అరబిక్ పత్రిక మొదలైంది. ఆటోమన్ల తరువాత అక్కడ పాలన చేపట్టిన బ్రిటిష్ వాళ్ళు 1922లో జనాభా లెక్కలు తీస్తే సుమారు 7.57 లక్షల మంది తేలారు. వారిలో యూదులు దాదాపు 84 వేలు, క్రైస్తవులు 71 వేలు. మిగిలిన వాళ్ళలో అత్యధికులు ముస్లింలు. ఖాళీ నేల అన్న మాట ఆ లెక్కల ముందు నిలబడదు.

మరి యూదులు బయటి నుంచి వచ్చిన వలసవాదులేనా?

ఆ మాటా సగమే నిజం. జెరూసలేం, హెబ్రోన్, సఫద్, తిబేరియ పట్టణాల్లో యూదులు తరతరాలుగా ఉన్నారు. 19వ శతాబ్దం చివరికే జెరూసలేంలో వాళ్ళ సంఖ్య మిగతా మతస్థుల కన్నా ఎక్కువ. పెద్ద ఎత్తున వలస మాత్రం 1882 తరువాత యూరప్ నుంచి మొదలైంది. ఆ వచ్చినవాళ్ళు సామ్రాజ్య విస్తరణ కోసం ఓడలెక్కలేదు. వాళ్ళలో చాలామంది ప్రాణభయంతో వచ్చారు. వెనక్కి వెళ్ళడానికి వాళ్ళకు మాతృదేశం అంటూ లేదు. వాళ్ళ రాక వల్ల స్థానికులు నష్టపోయిందీ నిజమే. ఈ రెండు నిజాల్లో ఒకటి చెప్పి రెండోది దాచే పుస్తకాన్ని నేను నమ్మను.

జియోనిజం అంటే ఏమిటి?

యూదులకు సొంత దేశం ఉండాలన్న రాజకీయ ఉద్యమం. 1881లో రష్యా చక్రవర్తి హత్య తరువాత అక్కడి యూదుల మీద వరసగా మూకదాడులు జరిగాయి. నాగరిక దేశమనుకున్న ఫ్రాన్సులో 1894లో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిని తప్పుడు దేశద్రోహం కేసులో శిక్షించారు. ఎంత కలిసిపోయినా యూరప్ తమను తనవాళ్ళుగా చూడదన్న నిర్ణయానికి ఆస్ట్రియా యూదు పాత్రికేయుడు థియోడర్ హెర్జల్ వచ్చారు. 1897లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో మొదటి జియోనిస్టు మహాసభ జరిగింది.

అరబ్బులే భూములు అమ్ముకుని తరువాత గొడవ చేశారట?

అమ్మినవాళ్ళు ఎవరు, దున్నుతున్నవాళ్ళు ఎవరు అని చూస్తే ఈ ప్రశ్న తీరు మారుతుంది. 1858లో ఆటోమన్ ప్రభుత్వం భూమి నమోదు చట్టం తెచ్చింది. పేరు నమోదైతే పన్ను పడుతుందని, సైన్యంలోకి పట్టుకుపోతారని భయపడి చాలామంది రైతులు తమ పొలాలను పెద్దల పేర్ల మీద రాయించారు. ప్రభుత్వం అమ్మిన భూములను కూడా నగరాల్లోని వ్యాపార కుటుంబాలు కొనుక్కున్నాయి. బీరూట్‌లో ఉండే సుర్సుక్ కుటుంబం చేతికి ఉత్తరాన జెజ్రయేల్ లోయలో వేల ఎకరాలు వచ్చాయి. 1920లలో ఆ కుటుంబం అక్కడి భూములను యూదు సంస్థలకు అమ్మేసింది. కొన్నవాళ్ళు ధర చెల్లించారు, కాగితాలు సక్రమంగానే ఉన్నాయి. ఆ నేలను తాతల నాటి నుంచి దున్నుతున్న కౌలు రైతులు మాత్రం ఊళ్ళు ఖాళీ చేయాల్సి వచ్చింది. పట్టా ఒకరిది, సాగు ఒకరిది అయిన తెలుగు పల్లెల్లో పుట్టినవాళ్ళకు ఆ కోపం ఎలాంటిదో నేను విడమర్చి చెప్పనక్కరలేదు.

ఇన్ని అమ్మకాలు జరిగినా 1947 నాటికి యూదుల యాజమాన్యంలో ఉన్నది మొత్తం భూమిలో సుమారు ఏడు శాతమే. అంటే నేల చేతులు మారింది ప్రధానంగా యుద్ధం వల్ల, అమ్మకం వల్ల కాదు.

## బ్రిటిష్ పాలన కాలం

బాల్ఫోర్ ప్రకటనలో ఏముంది? అందరూ బ్రిటన్‌ను ఎందుకు తిడతారు?

1917 నవంబర్ 2న బ్రిటిష్ విదేశాంగ మంత్రి బాల్ఫోర్ యూదు ప్రముఖుడు లార్డ్ రాత్స్‌చైల్డ్‌కు ఒక చిన్న ఉత్తరం రాశారు. పాలస్తీనాలో యూదు ప్రజలకు జాతీయ నివాసం ఏర్పాటును బ్రిటన్ సమర్థిస్తుందనీ, అక్కడున్న యూదేతరుల పౌర, మత హక్కులకు భంగం కలగకూడదనీ అందులో ఉంది. అప్పటికి జనాభాలో దాదాపు తొంభై శాతం ఉన్న అరబ్బులను ఆ ఉత్తరం పేరు పెట్టి కూడా పిలవలేదు. వాళ్ళ రాజకీయ హక్కుల ఊసు అసలే లేదు.

అంతకు ముందు 1915–16లో, తుర్కుల మీద తిరగబడితే అరబ్ స్వాతంత్ర్యాన్ని గుర్తిస్తామని మక్కా పాలకుడు షరీఫ్ హుసేన్‌కు ఇదే బ్రిటన్ ఉత్తరాలు రాసింది. 1916లో ఆ ప్రాంతాన్ని పంచుకోవడానికి ఫ్రాన్స్‌తో రహస్య ఒప్పందమూ చేసుకుంది. యుద్ధం గెలవడం కోసం ముగ్గురికి మూడు మాటలు ఇచ్చిన ఆ ప్రభుత్వానిదే ఈ చరిత్రలో మొదటి పెద్ద నేరమని నా అభిప్రాయం.

1929లో, 1936లో ఏం జరిగింది?

1929 ఆగస్టులో జెరూసలేం పవిత్ర స్థలాల మీద మొదలైన గొడవ దేశమంతా పాకింది. హెబ్రోన్‌లో 67 మంది యూదులను చంపేశారు. వాళ్ళు జియోనిస్టు సైనికులు కారు. ఎక్కువమంది ఆ ఊరి పాత యూదు కుటుంబాలవాళ్ళు, వేదపాఠశాల విద్యార్థులు. అదే ఊళ్ళో కొన్ని అరబ్ కుటుంబాలు తమ పొరుగు యూదులను ఇళ్ళల్లో దాచి కాపాడాయి.

1936 నుంచి 1939 వరకు జరిగింది అరబ్ తిరుగుబాటు. ఆరు నెలల సార్వత్రిక సమ్మెతో మొదలై పల్లెల్లో సాయుధ పోరాటమైంది. బ్రిటిష్ సైన్యం ఇళ్ళు కూల్చి, నాయకులను ఉరితీసి, దేశం దాటించి దాన్ని అణచివేసింది. 1948లో అసలు పరీక్ష వచ్చేనాటికి పాలస్తీనా సమాజానికి నాయకత్వం, ఆయుధాలు కరువైపోవడానికి ఈ అణచివేత ఒక ముఖ్య కారణం.

హిట్లర్ చేసిన పాపానికి అరబ్బులు ఎందుకు మూల్యం చెల్లించాలి?

న్యాయమైన ప్రశ్నే. కానీ దాన్ని హోలోకాస్ట్‌ను చిన్నది చేయడానికి వాడకూడదు. నాజీలు అరవై లక్షల మంది యూదులను చంపారు. అంతకు ముందే 1938 జూలైలో ఫ్రాన్స్‌లోని ఎవియాన్‌లో 32 దేశాలు సమావేశమై యూదు శరణార్థుల గురించి సానుభూతి వాక్యాలు పలికాయి. తలుపులు మాత్రం తెరవలేదు. 1939లో బ్రిటన్ పాలస్తీనాకు వలసను ఐదేళ్ళకు 75 వేలకు కుదించింది. 1947లో ‘ఎక్సోడస్’ అనే ఓడలో మరణ శిబిరాల నుంచి బతికి బయటపడ్డవాళ్ళతో సహా సుమారు 4,500 మంది పాలస్తీనాలోని హైఫా రేవు చేరితే, బ్రిటిష్ వాళ్ళు వాళ్ళను తిరిగి జర్మనీకే తీసుకెళ్ళి దించారు. తమకంటూ ఒక రాజ్యం లేకపోతే ప్రాణానికి పూచీ లేదని యూదులు నమ్మడంలో ఆశ్చర్యం లేదు. ఆ లెక్క తీర్చవలసింది యూరప్. తీర్చింది మాత్రం పాలస్తీనా రైతు.

ఐక్యరాజ్యసమితి విభజనను అరబ్బులు ఒప్పుకుని ఉంటే సరిపోయేది కదా?

1947 నవంబర్ 29న సర్వప్రతినిధి సభ 33 ఓట్లతో విభజనను ఆమోదించింది. 13 దేశాలు వ్యతిరేకించాయి, 10 దేశాలు తటస్థంగా ఉన్నాయి. జనాభాలో మూడో వంతున్న యూదులకు 55 శాతం పైగా నేల కేటాయించారు. అందులో పెద్ద భాగం నెగెవ్ ఎడారి అన్నదీ నిజమే. ప్రతిపాదిత యూదు రాజ్యంలో దాదాపు ఐదు లక్షల యూదులతో పాటు నాలుగు లక్షలకు పైగా అరబ్బులు ఉండేవారు. జెరూసలేం అంతర్జాతీయ పాలనలో ఉండాలన్నారు.

యూదు నాయకత్వం ఒప్పుకుంది, అరబ్ నాయకత్వం తిరస్కరించింది. తమ ఊళ్ళను తమను అడగకుండా పంచడాన్ని ఏ ప్రజలైనా ఒప్పుకుంటారా అన్న వాదన నాకు అర్థమవుతుంది. రాజకీయంగా చూస్తే ఆ తిరస్కారం వాళ్ళకు చాలా ఖరీదైనదిగా తేలింది. అది చెప్పడం వేరు, దాని ఫలితంగా పల్లెలు ఖాళీ చేయించడం సరైనదని చెప్పడం వేరు.

## 1948

నక్బా అంటే ఏమిటి? పాలస్తీనీయులు తమంతట తామే వెళ్ళిపోయారా, వెళ్ళగొట్టారా?

1948 విషాదానికి పాలస్తీనీయులు పెట్టుకున్న పేరు నక్బా. ఏడు లక్షల మందికి పైగా ఇళ్ళు వదిలారు. నాలుగు వందలకు పైగా పల్లెలు ఖాళీ అయ్యాయి లేదా నేలమట్టమయ్యాయి.

ఎలా వెళ్ళారన్నదానికి ఊరికో జవాబు ఉంది. స్తోమత ఉన్నవాళ్ళు కొందరు మొదట్లోనే వెళ్ళిపోయారు. 1948 ఏప్రిల్ 9న జెరూసలేం పక్కనున్న దేర్ యాసిన్‌లో యూదు సాయుధ ముఠాలు వందమందికి పైగా గ్రామస్థులను చంపాయి. ఆ కబురుకే చాలా పల్లెలు కదిలిపోయాయి. కొన్నిచోట్ల సైన్యం నేరుగా బయటికి తరిమింది. జూలైలో లిద్దా, రమ్లా పట్టణాలు ఇజ్రాయెల్ చేతికి వచ్చాక యాభై వేలకు పైగా ప్రజలను తరలిపొమ్మని ఆదేశించారు. లిద్దావాళ్ళు మండే ఎండలో, నీళ్ళు లేక, పిల్లలను ఎత్తుకుని జోర్డాన్ సైన్యం ఉన్న వైపు నడిచారు. దారిలో దాహంతో ప్రాణాలు పోయినవాళ్ళు ఉన్నారు. నజరేతులో మాత్రం సైనికాధికారి ఖాళీ చేయించడానికి నిరాకరించడంతో ప్రజలు మిగిలారు.

అరబ్ సైన్యాలు దాడి చేసినందువల్లే ఇదంతా జరిగిందన్న వాదన తేదీల ముందు నిలవదు. వెళ్ళిపోయినవాళ్ళలో రెండున్నర లక్షల మందికి పైగా, ఆ సైన్యాలు ప్రవేశించిన మే 15కు ముందే ఇళ్ళు కోల్పోయారు. ఇక వెళ్ళిన తీరు ఏదైనా, తిరిగి రానివ్వకపోవడం ఇజ్రాయెల్ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయం. అసలు గాయం అదే.

ఐదు అరబ్ దేశాలు కలిసి దాడి చేసినా ఇజ్రాయెల్ ఎలా గెలిచింది?

1948 మే 14న బెన్ గురియన్ టెల్ అవీవ్‌లో రాజ్య ప్రకటన చేశారు. మర్నాడు ఈజిప్టు, ట్రాన్స్‌జోర్డాన్ (ఇప్పటి జోర్డాన్), సిరియా, లెబనాన్, ఇరాక్ సైన్యాలు ప్రవేశించాయి. ఐదు సైన్యాలకు ఒక ఆజ్ఞ లేదు, ఒక లక్ష్యం లేదు. ట్రాన్స్‌జోర్డాన్ రాజు అబ్దుల్లా కన్ను జోర్డాన్ నదికి పడమటి ప్రాంతమైన వెస్ట్ బ్యాంక్ మీదే ఉంది. ఇజ్రాయెల్‌కు చెకోస్లొవేకియా నుంచి ఆయుధాలు అందాయి. యుద్ధం సాగేకొద్దీ మైదానంలో దాని సైనికుల సంఖ్య కూడా అవతలివాళ్ళను మించింది. గెలుపు తేలికగా మాత్రం రాలేదు. ఆరు వేల మంది యూదులు, అంటే అప్పటి వాళ్ళ జనాభాలో వందకొకరు, చనిపోయారు. 1949 కాల్పుల విరమణ రేఖల నాటికి ఇజ్రాయెల్ చేతిలో పాత పాలస్తీనా నేలలో 78 శాతం ఉంది. గాజా ఈజిప్టు పాలనలోకి, వెస్ట్ బ్యాంక్ జోర్డాన్ పాలనలోకి వెళ్ళాయి.

అరబ్ దేశాల నుంచి యూదులను కూడా తరిమేశారు కదా? దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

మాట్లాడాలి. 1948 తరువాతి రెండు మూడు దశాబ్దాల్లో సుమారు ఎనిమిది లక్షల మంది యూదులు అరబ్ దేశాలు వదిలారు. ఇరాక్ సంగతే చూడండి. బాబిలోన్ కాలం నుంచి రెండున్నర వేల ఏళ్ళు అక్కడున్న సమాజం అది. 1950 మార్చిలో పౌరసత్వం వదులుకున్న యూదులు వెళ్ళవచ్చని చట్టం చేశారు. లక్షకు పైగా మంది పేర్లు ఇచ్చాక, 1951 మార్చిలో వాళ్ళ ఆస్తులను స్తంభింపజేశారు. బాగ్దాద్ బజారులో దుకాణాలున్న కుటుంబాలు ఒక్క పెట్టెతో విమానం ఎక్కి ఇజ్రాయెల్‌లో గుడారాల్లో దిగాయి. అక్కడ యూరప్ యూదుల చిన్నచూపునూ భరించాయి. ఈ నష్టం నిజమైనది, పరిహారం అందనిది. అయితే దీన్ని నక్బాకు చెల్లు రాసి లెక్క సరిపోయిందనడం అన్యాయం: బాగ్దాద్‌లో ఆస్తి లాక్కున్నది లిద్దా రైతు కాదు.

డెబ్భై ఏళ్ళు దాటినా వాళ్ళు ఇంకా శరణార్థులేనా?

1948 డిసెంబర్‌లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన 194వ తీర్మానం, పొరుగువారితో శాంతిగా బతకదలచిన శరణార్థులను ఇళ్ళకు రానివ్వాలని, రాదలచుకోనివారికి పరిహారం ఇవ్వాలని చెప్పింది. అది అమలు కాలేదు. నమోదైన పాలస్తీనా శరణార్థులు ఇప్పుడు సుమారు 59 లక్షలు. జోర్డాన్ చాలామందికి పౌరసత్వం ఇచ్చింది. లెబనాన్ ఇవ్వలేదు సరికదా, ఎన్నో వృత్తుల్లోకి కూడా రానివ్వలేదు. అరబ్ ప్రభుత్వాలు వాళ్ళ కష్టాన్ని తమ ప్రసంగాలకు వాడుకున్నాయన్న విమర్శలో బలం ఉంది.

ఇజ్రాయెల్‌లో అరబ్బులకు ఓటు హక్కు ఉందా?

ఉంది. మొదటి ఎన్నికల నుంచీ ఉంది. పార్లమెంటు సభ్యులు, న్యాయమూర్తులు, వైద్యులు అయినవాళ్ళు ఉన్నారు. అయితే 1966 వరకు వాళ్ళ ప్రాంతాలు సైనిక పాలనలో ఉండేవి; ఊరు దాటాలన్నా అనుమతి కావాలి. 2018లో చేసిన చట్టం స్వయం నిర్ణయాధికారం యూదు ప్రజలకు మాత్రమే ఉందని ప్రకటించింది. వెస్ట్ బ్యాంక్, గాజా పాలస్తీనీయులకు ఇజ్రాయెల్ ఎన్నికల్లో ఓటు లేదు. వార్తలు చదివేటప్పుడు ఈ తేడా గుర్తుంచుకోవడం అవసరం.

## 1967, ఆక్రమణ

ఆరు రోజుల యుద్ధంలో ఏం మారింది?

1967 మే నెలలో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సరిహద్దులోని సినాయ్ ద్వీపకల్పం నుంచి ఐక్యరాజ్యసమితి దళాలను పంపేసి, ఎర్ర సముద్రంలోకి దారి అయిన తిరాన్ జలసంధిని ఇజ్రాయెల్ ఓడలకు మూసేశారు. జూన్ 5 ఉదయం ఇజ్రాయెల్ ముందుగా దాడి చేసి ఈజిప్టు విమానాలను నేల మీదే ధ్వంసం చేసింది. ఆరు రోజుల్లో గాజా, వెస్ట్ బ్యాంక్, తూర్పు జెరూసలేం, సిరియాకు చెందిన గోలన్ కొండలు, సినాయ్ దాని వశమయ్యాయి. సినాయ్‌ను 1979 శాంతి ఒప్పందం తరువాత, 1982 నాటికి ఈజిప్టుకు తిరిగి ఇచ్చారు. మిగతావాటి మీద తగవు ఈనాటికీ ఉంది.

సెటిల్‌మెంట్లు అంటే ఇళ్ళే కదా? అంత గొడవ ఎందుకు?

ఆక్రమించిన భూభాగంలోకి తన పౌరులను తరలించకూడదని నాలుగో జెనీవా ఒప్పందం చెబుతుంది. 1967 సెప్టెంబర్‌లోనే ఇజ్రాయెల్ విదేశాంగ శాఖ న్యాయ సలహాదారు థియోడర్ మెరోన్ తన ప్రభుత్వానికి ఈ మాట రాసిచ్చారు. అయినా నిర్మాణం ఆగలేదు. ఇప్పుడు వెస్ట్ బ్యాంక్‌లో ఐదు లక్షల మంది, తూర్పు జెరూసలేంలో మరో రెండు లక్షల మందికి పైగా ఇలా వచ్చి స్థిరపడిన ఇజ్రాయెలీలు (సెటిలర్లు) ఉన్నారు. ఇల్లు ఒక్కటే రాదు. దాని వెంట రోడ్డు, కంచె, సైనిక కాపలా, నీటి గొట్టం వస్తాయి. ఒకే కొండ మీద సెటిలర్‌కు పౌర చట్టం, పక్క పల్లె పాలస్తీనీయుడికి సైనిక చట్టం.

హెబ్రోన్ నడిబొడ్డును చూస్తే ఇది కళ్ళకు కడుతుంది. అక్కడ కొన్ని వందల మంది సెటిలర్లు ఉంటారు. ఒకప్పుడు ఊరికి ప్రధాన బజారైన షుహదా వీధిని పాలస్తీనీయులకు దాదాపుగా మూసేశారు. దుకాణాల ఇనుప తలుపులకు సీలు వేశారు. పాత బజారు సందుల్లో తలపైన ఇనుప వల కట్టి ఉంటుంది. పై అంతస్తుల్లోని సెటిలర్లు విసిరే చెత్త, సీసాలు, రాళ్ళు ఆ వల మీద పేరుకుని కనిపిస్తాయి. వల కింద కూరగాయల బేరం సాగుతూ ఉంటుంది.

జెరూసలేం ఎవరిది?

పాత నగరం ఒక చదరపు కిలోమీటరు కూడా లేదు. అందులోనే యూదుల పశ్చిమ గోడ, ముస్లింల అల్ అక్సా మసీదు, క్రైస్తవుల పవిత్ర సమాధి ఆలయం ఉన్నాయి. ఆ ఆలయం తాళం శతాబ్దాలుగా రెండు ముస్లిం కుటుంబాల సంరక్షణలో ఉంది. 1948 నుంచి 1967 వరకు పాత నగరం జోర్డాన్ చేతిలో ఉన్నప్పుడు యూదులను పశ్చిమ గోడ దగ్గరికి రానివ్వలేదు; యూదుల పేటలోని ప్రార్థనా మందిరాలను ధ్వంసం చేశారు. 1967లో ఇజ్రాయెల్ రాగానే గోడ ముందున్న మగ్రిబీ పేటలో వందకు పైగా ఇళ్ళను రాత్రికి రాత్రి కూల్చి మైదానం చేసింది. నగరమంతా తన రాజధాని అని ఇజ్రాయెల్ అంటుంది. తూర్పు భాగం తమ రాజధాని కావాలని పాలస్తీనీయులు అంటారు. అమెరికా 2018లో తన రాయబార కార్యాలయాన్ని అక్కడికి మార్చింది. భారత్‌తో సహా చాలా దేశాల కార్యాలయాలు టెల్ అవీవ్‌లోనే ఉన్నాయి.

## ఒప్పందాలు, తిరుగుబాట్లు

పీఎల్‌వో ఉగ్రవాద సంస్థా, విమోచన సంస్థా?

1964లో ఏర్పడిన పీఎల్‌వో (పాలస్తీనా విమోచన సంస్థ) ఒక గొడుగు సంస్థ. 1969 నుంచి యాసర్ అరాఫత్ నాయకత్వం వహించారు. దాని కింది సంస్థలు విమానాలను హైజాక్ చేశాయి, పౌరులను చంపాయి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో అరాఫత్ వర్గమైన ఫతాతో సంబంధమున్న ‘బ్లాక్ సెప్టెంబర్’ ముఠా చేతిలో 11 మంది ఇజ్రాయెల్ క్రీడాకారులు, శిక్షకులు చనిపోయారు. 1974లో అదే పీఎల్‌వోను పాలస్తీనీయుల ప్రతినిధిగా ఐక్యరాజ్యసమితి గుర్తించింది. 1988లో ఇజ్రాయెల్ పక్కనే రాజ్యం అన్న సూత్రానికి అది దిగివచ్చింది. రెండు వర్ణనలకూ ఆధారాలున్నాయి.

ఓస్లో ఒప్పందం ఎందుకు చెడిపోయింది?

1993 సెప్టెంబర్ 13న వాషింగ్టన్‌లో ఇజ్రాయెల్ ప్రధాని రబీన్, పీఎల్‌వో నేత అరాఫత్ చేతులు కలిపారు. పీఎల్‌వో ఇజ్రాయెల్ రాజ్యాన్ని గుర్తించింది. ఇజ్రాయెల్ మాత్రం పీఎల్‌వోను ప్రతినిధిగా గుర్తించింది. పాలస్తీనా రాజ్యాన్ని కాదు. జెరూసలేం, శరణార్థులు, సరిహద్దులు, సెటిల్‌మెంట్లు అన్న అసలు చిక్కులన్నీ ఐదేళ్ళ లోపు తేల్చుకోవచ్చని వాయిదా పడ్డాయి. ఆ గడువే ఒప్పందం ఇష్టంలేని వాళ్ళందరికీ అవకాశమైంది. 1994 ఫిబ్రవరిలో బరూక్ గోల్డ్‌స్టీన్ అనే సెటిలర్ హెబ్రోన్ మసీదులో నమాజు చేస్తున్న 29 మందిని కాల్చి చంపాడు. పాలస్తీనా ఇస్లామిక్ సాయుధ సంస్థ హమాస్ బస్సుల్లో ఆత్మాహుతి దాడులు మొదలుపెట్టింది. 1995 నవంబర్ 4న రబీన్‌ను ఒక యూదు తీవ్రవాది శాంతి సభ నుంచి వెళుతుండగా హత్య చేశాడు. ఈలోగా వెస్ట్ బ్యాంక్‌ను ఏ, బీ, సీ ప్రాంతాలుగా విడగొట్టారు. అరవై శాతం నేల ఉన్న సీ ప్రాంతం పూర్తిగా ఇజ్రాయెల్ అదుపులోనే ఉండిపోయింది, సెటిల్‌మెంట్లు పెరుగుతూ వచ్చాయి.

ఇంతిఫాదా అంటే ఏమిటి? ఆ గోడ ఎందుకు కట్టారు?

ఇంతిఫాదా అంటే ప్రజా తిరుగుబాటు. 1987 డిసెంబర్‌లో గాజా జబాలియా శిబిరంలో మొదలైన మొదటిది ప్రధానంగా సమ్మెలు, పన్నుల నిరాకరణ, రాళ్ళు రువ్వడం. 2000 సెప్టెంబర్‌లో మొదలైన రెండోది వేరు. అమెరికాలోని క్యాంప్ డేవిడ్‌లో రెండు పక్షాల శాంతి చర్చలు విఫలమైన రెండు నెలలకే అది రగిలింది. హోటళ్ళలో, బస్సుల్లో ఆత్మాహుతి దాడులు, పట్టణాల మీద ట్యాంకులు. సుమారు మూడు వేల మంది పాలస్తీనీయులు, వెయ్యి మంది ఇజ్రాయెలీలు చనిపోయారు.

2002లో ఇజ్రాయెల్ అడ్డుగోడ మొదలుపెట్టింది. ఎక్కువ భాగం కంచె. పట్టణాల దగ్గర ఎనిమిది మీటర్ల కాంక్రీటు. దాడులు తగ్గాయని ఇజ్రాయెల్ అంటుంది, తగ్గిందీ నిజమే. కానీ గోడ మార్గంలో ఎనభై శాతానికి పైగా సరిహద్దు రేఖ మీద కాక వెస్ట్ బ్యాంక్ లోపల ఉంది. ఇల్లు ఒకవైపు, ఆలివ్ తోట ఇంకోవైపు అయిన రైతులు ఉన్నారు. జెరూసలేం నుంచి బెత్లెహేముకు వెళ్ళే తెలుగు యాత్రికుల బస్సు కూడా ఈ గోడ దాటే వెళుతుంది.

## గాజా

2005లో గాజాను వదిలేశారు కదా? మరి ఆక్రమణ అంటారెందుకు?

2005లో ఇజ్రాయెల్ తన 21 సెటిల్‌మెంట్లను, సైన్యాన్ని ఉపసంహరించుకుంది. ఆకాశం, సముద్రం, దక్షిణాన ఈజిప్టు వైపు మినహా సరిహద్దులు దాని అదుపులోనే ఉన్నాయి. 41 కిలోమీటర్ల పొడవు, 365 చదరపు కిలోమీటర్ల ఆ పట్టీలో ఇరవై లక్షల మందికి పైగా ఉంటారు. మూడింట రెండు వంతుల కన్నా ఎక్కువమంది 1948 శరణార్థుల కుటుంబాలవాళ్ళు. 2007 నుంచి ఇజ్రాయెల్, ఈజిప్టు దిగ్బంధం అమలు చేశాయి. హమాస్ రాకెట్లు, ఇజ్రాయెల్ బాంబు దాడులు వరసగా సాగాయి. ఒక్క 2014 యుద్ధంలోనే రెండు వేల రెండు వందల మందికి పైగా పాలస్తీనీయులు, 73 మంది ఇజ్రాయెల్ వైపువాళ్ళు చనిపోయారు.

హమాస్‌ను ఇజ్రాయెలే పెంచిందట?

హమాస్ 1987లో షేక్ అహ్మద్ యాసిన్ నాయకత్వంలో ముస్లిం బ్రదర్‌హుడ్ అనే ఇస్లామిక్ సంస్థ శాఖ నుంచి పుట్టింది. యాసిన్ నడిపిన ధార్మిక సంస్థకు 1979లో ఇజ్రాయెల్ సైనిక పాలన అనుమతి ఇచ్చింది. లౌకిక పీఎల్‌వోకు పోటీ అవుతుందన్న లెక్క అందులో ఉంది. 2018 నుంచి కతార్ నగదు గాజాలోకి వెళ్ళడానికి నెతన్యాహు ప్రభుత్వం ఒప్పుకుంది. అంతమాత్రాన హమాస్ ఇజ్రాయెల్ సృష్టి అనలేం. 2006 ఎన్నికల్లో 132 స్థానాల్లో 74 గెలిచింది. ఫతా అవినీతి దానికి పెద్ద కారణం. 2007లో ఫతాను గాజా నుంచి తరిమింది. ఆ తరువాత గాజా ప్రజలకు ఓటు వేసే అవకాశం రాలేదు.

2023 అక్టోబర్ 7న ఏం జరిగింది? తరువాత?

హమాస్, దాని మిత్ర ముఠాలు సరిహద్దు కంచె తెంచుకుని దక్షిణ ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మందిని చంపాయి. ఎక్కువమంది పౌరులు. నోవా సంగీతోత్సవం దగ్గరే మూడు వందల మందికి పైగా చనిపోయారు. నీర్ ఓజ్ అనే చిన్న సహకార గ్రామంలో ప్రతి నలుగురిలో ఒకరు హతులో బందీలో అయ్యారు. 251 మందిని గాజాకు పట్టుకుపోయారు. ఏ ఆక్రమణా దీన్ని సమర్థించదు.

ఆ తరువాత ఇజ్రాయెల్ చేసిన యుద్ధంలో మృతుల సంఖ్య 2025 చివరికి గాజా ఆరోగ్య శాఖ లెక్క ప్రకారం 70 వేలు దాటింది. దాదాపు జనాభా అంతా నిరాశ్రయులయ్యారు. ఆహార సరఫరా అడ్డుకోవడంతో 2025 ఆగస్టులో గాజా నగర ప్రాంతంలో కరువును అంతర్జాతీయ ఆహార భద్రతా నిపుణులు అధికారికంగా నిర్ధారించారు. అక్టోబర్ 7 దీన్నీ సమర్థించదు. 2025 అక్టోబర్ 10న కాల్పుల విరమణ వచ్చింది. బతికి ఉన్న చివరి 20 మంది బందీలు 13న విడుదలయ్యారు.

దీన్ని జాతిహననం అనవచ్చా?

దక్షిణాఫ్రికా 2023 డిసెంబర్‌లో వేసిన కేసు అంతర్జాతీయ న్యాయస్థానంలో నడుస్తోంది. తుది తీర్పు రాలేదు. 2024 జనవరిలో కోర్టు నివారణ ఆదేశాలు ఇచ్చింది. 2025 సెప్టెంబర్‌లో ఐక్యరాజ్యసమితి నియమించిన విచారణ సంఘం జాతిహననం జరిగిందని తేల్చింది. ఇజ్రాయెల్ దాన్ని తోసిపుచ్చింది. వేరే న్యాయస్థానమైన అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు 2024 నవంబర్‌లో నెతన్యాహు, మాజీ రక్షణ మంత్రి గాలంట్, హమాస్ సైనిక నేత దేఫ్ పేర్ల మీద అరెస్టు వారెంట్లు ఇచ్చింది.

## మనకున్న సంబంధం

హైఫా యుద్ధంలో హైదరాబాద్ సైనికులు ఉన్నారా?

మొదటి ప్రపంచయుద్ధంలో పాలస్తీనాలో పోరాడిన 15వ ఇంపీరియల్ సర్వీస్ అశ్విక దళంలో జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ సంస్థానాల లాన్సర్లు ఉన్నారు. 1918 సెప్టెంబర్ 23న హైఫాను పట్టుకున్న దాడి చేసింది ప్రధానంగా జోధ్‌పూర్, మైసూరు దళాలు. ఢిల్లీ తీన్ మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సైనికులవి.

తెలుగు యూదులు ఉన్నారా?

ఉన్నారు. గుంటూరు ప్రాంతంలో చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయీము అనే చిన్న సమాజం ఉంది. ఇశ్రాయేలు గోత్రాల్లో ఒకటైన ఎఫ్రాయీము సంతతి తామని చెప్పుకుంటారు, సబ్బాతు పాటిస్తారు.

భారత్ ఎవరి పక్షం?

1947లో భారత్ విభజనకు వ్యతిరేకంగా ఓటు వేసింది. ఇరాన్, యుగోస్లావియాలతో కలిసి సమాఖ్య రాజ్యాన్ని ప్రతిపాదించింది. 1950 సెప్టెంబర్‌లో ఇజ్రాయెల్‌ను గుర్తించినా పూర్తి దౌత్య సంబంధాలు పెట్టుకోలేదు. 1974లో పీఎల్‌వోను, 1988లో పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించింది. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి సంబంధాలు నెలకొల్పినది పి.వి. నరసింహారావు ప్రభుత్వం. సోవియట్ యూనియన్ కూలిపోయింది, అరబ్ దేశాలే మాడ్రిడ్ శాంతి సభలో ఇజ్రాయెల్‌తో ఎదురెదురుగా కూర్చున్నాయి; పీవీ ఆ అదను చూశారు. అదే నెలలో అరాఫత్ కూడా ఢిల్లీ వచ్చి వెళ్ళారు. ఆయన రాక తరువాతే ప్రకటన వెలువడింది. ఇప్పుడు ఇజ్రాయెల్ నుంచి ఆయుధాలు, వ్యవసాయ పరిజ్ఞానం కొంటూ, ఐక్యరాజ్యసమితిలో రెండు రాజ్యాల పరిష్కారానికి ఓటు వేయడం భారత్ విధానం. 2023 అక్టోబర్ 27న యుద్ధ విరామం కోరిన తీర్మానం మీద తటస్థంగా ఉంది. అదే ఏడాది డిసెంబర్ 12న కాల్పుల విరమణకు అనుకూలంగా, 2025 సెప్టెంబర్ 12న రెండు రాజ్యాల ప్రకటనకు అనుకూలంగా ఓటు వేసింది.